మూడు గుంటలు కాదు, రెండున్నర: పల్లెలో ఇంటి అనుమతి

"మన జాగాలో మనం కట్టుకునే ఇంటికి ఒకరి అనుమతి ఏమిటి?" అని మా నాన్న చాలాకాలం అంటూ వచ్చారు. తాతయ్య పెంకుటిల్లు కట్టిన రోజుల్లో మంచి రోజు చూసి ముగ్గు పోసుకుంటే చాలు, కాగితంతో పని పడలేదు కాబట్టి ఆయన అలా అనడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు పంచాయతీ అడగకపోయినా బ్యాంకు అడుగుతుంది, బ్యాంకుతో పని లేకపోయినా రేపు అమ్ముకునేటప్పుడో అన్నదమ్ములు పంచుకునేటప్పుడో రిజిస్ట్రేషన్ కార్యాలయం అడుగుతుంది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు, భవనం ప్లాను ప్రకారమే పూర్తయిందన్న ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా ఆ పత్రాన్ని సరిచూసుకున్నాకే భవనాన్ని హామీగా పెట్టుకుని అప్పు ఇవ్వాలని చెప్పింది. పల్లెల దాకా ఆ మాట ఇంకా రాలేదు గానీ, గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది.

ఖమ్మం జిల్లాలో వైరాకు చేరువలో ఉన్న మా ఊళ్లో ఈమధ్య రెండు ఇళ్ల వ్యవహారాన్ని నేను దగ్గరుండి చూశాను. మొదటిది ఊరి నడుమ పాత పెంకుటిల్లు తీసివేసి అదే స్థలంలో మేము కట్టిన ఇల్లు. రెండోది మా బాబాయి రోడ్డు పక్కనున్న తన చేలో ఒక మూల కట్టుకోదలచిన ఇల్లు. ఊరు ఒకటే, పంచాయతీ ఒకటే, కార్యదర్శి కూడా ఒక్కరే. అయినా ఒక ఇంటికి పనికివచ్చిన కాగితం ఒక్కటి కూడా రెండో ఇంటికి పనికిరాలేదు. ఈ రెండింటినీ చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, మన పల్లెల్లో అనుమతి పేరుతో జరిగే పరిశీలన అంతా ఇంటి కింద ఉన్న నేల గురించే జరుగుతుంది. నేల తీరు తేలిపోతే అనుమతి రావడం పెద్ద కష్టమేమీ కాదు. అయితే ఆ పత్రం చేతికి వచ్చినంత మాత్రాన ఇంటి గట్టితనాన్ని ఎవరో ఒకరు చూశారని అనుకోవడానికి వీల్లేదు.

ముందు అధికారం ఎవరిదో చెప్పుకోవాలి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం, 300 చదరపు మీటర్లకు మించని స్థలంలో, 10 మీటర్ల ఎత్తు దాటకుండా, అంటే గ్రౌండ్ ఫ్లోరు మీద రెండంతస్తుల దాకా కట్టే ఇంటికి గ్రామ పంచాయతీయే అనుమతి ఇస్తుంది. స్థలం గానీ ఎత్తు గానీ ఆ హద్దు దాటితే, అందరూ డీటీసీపీ అని పిలిచే పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం సాంకేతిక ఆమోదం కావాలి. ఊరు ఏదైనా పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే దారి మళ్లీ మారుతుంది. అక్కడ 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి, 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో కట్టే మామూలు ఇంటికి కూడా ముందు వైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. ఏజెన్సీ గ్రామాల సంగతి పూర్తిగా వేరు. మా పక్కనున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఏజెన్సీ మండలాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడానికే వీల్లేదు గనుక, అక్కడ ఇంటి ప్లాను గురించి మాట్లాడేముందు ఆ నేల ఎవరి పేరున ఎలా వచ్చిందన్న ప్రశ్న వస్తుంది. బంధువులెవరో తమ ఊళ్లో అనుమతి సులువుగా వచ్చిందన్నారని అదే పద్ధతి మన ఊళ్లోనూ ఉంటుందనుకుంటే చిక్కు అక్కడే మొదలవుతుంది.

మా పాత ఇల్లు ఉన్నది గ్రామకంఠంలో. పాత సర్వేలో ఊరి నివాసాల కోసం ఒకే నంబరు కింద విడిచిపెట్టిన నేలను గ్రామకంఠం అంటారు. పొలాలకు ఉన్నట్టు అక్కడ ఇంటింటికీ వేరే సర్వే నంబరు ఉండదు, పట్టాదారు పాసుపుస్తకం ఉండదు, ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ ధరణిలో గానీ 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో వచ్చిన భూభారతిలో గానీ మన పేరు వెతికినా కనిపించదు. ఇలాంటి ఊరి నివాస స్థలాలను డ్రోన్లతో కొలిచి యజమానులకు కార్డులు ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకాన్ని మొదలుపెట్టింది గానీ, మా ఊరికి ఆ డ్రోను రాలేదు. కాబట్టి మాకున్న ఆధారాలు మూడే: పంచాయతీ డిమాండ్ రిజిస్టరు (ఇంటి పన్ను లెక్కల పుస్తకం)లోని ఇంటి నంబరు, ఏళ్ల తరబడి దాచిన పన్ను రసీదులు, వాటిని చూసి కార్యదర్శి ఇచ్చే యాజమాన్య ధ్రువపత్రం. పన్ను రసీదు హక్కు పత్రం కాజాలదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అయినా గ్రామకంఠంలో అంతకన్నా గట్టి కాగితం చాలామంది దగ్గర లేదు.

ఆ రిజిస్టరులో ఉన్నది తాతయ్య పేరు. ఆయన పోయి చాలా ఏళ్లయినా ఎవరూ మార్పించలేదు, ఎందుకంటే పన్ను ఎవరు కట్టినా పంచాయతీ తీసుకుంటుంది. పేరు మారకుండా నాన్న పేరున ప్లాను పెట్టడానికి వీల్లేదని కార్యదర్శి స్పష్టంగా చెప్పారు. తాతయ్య వీలునామా రాయలేదు గనుక వారసులు నాన్న, బాబాయితోపాటు మేనత్త కూడా. చేలో ఎక్కువ భాగం బాబాయికి, ఇల్లు నాన్నకు అన్న ఒప్పందం ఇంట్లో ఎప్పుడో అయిపోయింది కానీ, ఇంటి విషయంలో అది మాటగానే ఉండిపోయింది. మధిర నుంచి అత్తయ్య వచ్చి, బాబాయితో కలిసి రిజిస్ట్రేషన్ కార్యాలయంలో నాన్నకు హక్కు విడుదల పత్రం రాసి ఇచ్చాకే పని ముందుకు కదిలింది. "సంతకానికేం గానీ, పండక్కి వచ్చినప్పుడు నాకంటూ ఒక గది ఉండాలి అన్నయ్యా" అని అత్తయ్య అక్కడి బల్ల మీద కూర్చునే చెప్పింది. ఆస్తి పంపకాల్లో ఆడపిల్లల సంతకాన్ని లాంఛనంగా చూసే అలవాటు మా ఊళ్లో ఇంకా ఉంది. ఆ సంతకం లేని ఇంటిని బ్యాంకు న్యాయవాది ఒక్క చూపుతో పక్కన పెట్టేస్తాడన్నది ఆ అలవాటు ఉన్నవాళ్లకు తెలియదు.

పత్రం రాయించేటప్పుడే చెక్కుబందీ దగ్గర ఇంకో సంగతి బయటపడింది. నాలుగు హద్దుల కొలతలు గజాల్లో రాయాలని టేపు పట్టి చూస్తే, పడమటి వైపు మా నేల అనుకుంటున్న చోట పక్కింటివారి పెంకుల చూరు దాదాపు మూడడుగులు ముందుకు వచ్చి ఉంది. వానాకాలంలో ఆ చూరు నీళ్లు మా దొడ్డిలోనే పడతాయి. నాన్న పుట్టినప్పటినుంచీ అలాగే పడుతున్నాయి. 1882 నాటి అనుభోగ హక్కుల చట్టం ప్రకారం, ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా బహిరంగంగా, హక్కుగా అనుభవించిన గాలి, వెలుతురు, నీటి దారి వంటివి పక్కవారికి హక్కుగా నిలిచిపోయే అవకాశం ఉంది. మా కొత్త గోడను హద్దు గీత మీదనే లేపితే ఆ నీళ్లు గోడలోకి దిగుతాయి, పంచాయితీ వీధిలోకి వస్తుంది. చివరికి పడమటి వైపు మూడున్నర అడుగులు వదిలి, ఆ సందులో చిన్న సిమెంటు కాలువ తీసి, ఆ నీటిని వీధి మురికికాలువలోకి కలిపాము. మా ఇంటికి ఆ వైపు ఉన్న ఖాళీ స్థలానికి అసలు కారణం పక్కింటి చూరే అయినా, ప్లానులో మాత్రం అది సెట్‌బ్యాక్, అంటే నిబంధన ప్రకారం ఇంటి చుట్టూ వదిలే ఖాళీ, అన్న గౌరవమైన పేరుతో కనిపిస్తుంది.

సెట్‌బ్యాక్ ప్రస్తావన వచ్చింది గనుక ఇక్కడే చెబుతాను. లైసెన్సు ఉన్న ఇంజనీరు చేత ప్లాను గీయించి దరఖాస్తుతో జత చేయాలన్న నియమం మంచిదే. అయితే మా చుట్టుపక్కల జరిగేది ఏమిటంటే, స్థలం కొలతలు ఫోనులో చెబితే సాయంత్రానికి నాలుగు వైపులా ఖాళీలున్న చక్కని ప్లాను వచ్చేస్తుంది. గీసినవారు స్థలం చూడరు, కట్టేవారు ప్లాను చూడరు. ఊళ్లో పదడుగుల సందుల్లో ఇరువైపులా ప్లాను ప్రకారం ఖాళీలు వదిలిన ఇల్లు నాకైతే కనిపించలేదు. వాస్తు సిద్ధాంతి మాట మాత్రం ఎవరూ జవదాటరు. ఈశాన్యం పెరగాలని ఆయన అంటే కట్టిన ప్రహరీని కూడా పగలగొట్టి జరుపుతారు, తూర్పున ఖాళీ చాలదంటే గది చిన్నదైనా సరేనంటారు. కార్యదర్శి చెప్పిన మీటరు ఖాళీకి లేని విలువ ఆయన చెప్పిన అడుగుకు ఉంది. మా ఇంటి విషయంలో సిద్ధాంతి తూర్పు, ఉత్తరం వైపు కోరిన ఖాళీలు నిబంధనలకన్నా ఎక్కువే ఉన్నాయి కాబట్టి, నేను ఆయనతో వాదించకుండా మౌనంగా నమస్కారం పెట్టాను.

మా దరఖాస్తు పడిన కాలం కూడా కలిసిరాలేదు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి పంచాయతీలకు ప్రత్యేకాధికారులు వచ్చారు. వేరే శాఖలో తన పని తనకుండగా ఊరి బాధ్యత అదనంగా నెత్తిన పడిన అధికారి సంతకం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆ మధ్యలో ఒక కార్యాలయంలో ఫైలు కదలడానికి "అందరూ ఇచ్చేదే" అంటూ ఒక మొత్తం సూచించారు. రుసుము ఎంతో రసీదు రాసి ఇవ్వమని, ఇచ్చినట్టు రిజిస్టరులో నమోదు చేయమని అడిగితే ఆ మాట మళ్లీ రాలేదు. అవినీతి నిరోధక శాఖ 1064 నంబరు ఆ కార్యాలయం గోడ మీదే రాసి ఉంది. దరఖాస్తు ఇచ్చిన రోజునే తేదీతో కూడిన రసీదు తీసుకోవడం, అభ్యంతరం ఏమైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వమని అడగడం, నాకు తెలిసినంతలో ఈ రెండింటికి మించిన ఉపాయం లేదు.

ఇక బాబాయి చేను. అక్కడ హక్కు గురించి పేచీ లేదు, పాసుపుస్తకం ఆయన పేరుననే ఉంది. కానీ అది వ్యవసాయ భూమి. 2006 నాటి చట్టం ప్రకారం వ్యవసాయ భూమిని ఇంటికి వాడాలంటే ముందుగా వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి. మా వైపు అందరూ దీన్ని నాలా చేయించడం అంటారు. ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకుని, రుసుము కట్టి, రెవెన్యూ అధికారి నుంచి ఉత్తర్వు పొందాలి. హైదరాబాద్ నగరపాలక పరిధి దాటాక ఆ రుసుము భూమి రిజిస్ట్రేషన్ విలువలో 3 శాతం. ఎకరా, అంటే 40 గుంటల విలువ 8 లక్షలు అనుకుంటే రెండున్నర గుంటలకు 50,000 అవుతుంది, దాని మీద రుసుము 1,500 రూపాయలు. ఇంత చిన్న మొత్తానికి భయపడి ముందు కట్టేసి తరువాత చూద్దామనేవారు, అనుమతి లేకుండా వాడితే రుసుముతోపాటు అందులో సగం జరిమానాగా పడుతుందన్న సంగతిని పట్టించుకోరు. నిజానికి జరిమానాకన్నా పెద్ద నష్టం వేరే ఉంది. నాలా ఉత్తర్వు లేని చేలో కట్టిన ఇంటిని బ్యాంకు హామీగా తీసుకోదు. రెవెన్యూ లెక్కల్లో అది ఇంకా మిరప చేనుగానే ఉంటుంది. నాలా చేయించిన విస్తీర్ణానికి రైతు భరోసా ఆగిపోతుందని బాబాయి మొదట కొంత తటపటాయించారు, కానీ రెండు మూడు గుంటలకు వచ్చే ఆ డబ్బు లెక్క వేసి చూపిస్తే ఆయనే నవ్వేశారు.

ఇక్కడ అసలు చిక్కు గుంటల దగ్గర వచ్చింది. ఊళ్లో ఇంటి స్థలం అంటే నిండు గుంటల్లోనే మాట్లాడుకుంటారు. బాబాయి కూడా "మూడు గుంటలు చేయిద్దాం" అని కూర్చున్నారు. గుంటకు 121 చదరపు గజాలు. మూడు గుంటలంటే 363 గజాలు, మీటర్లలోకి మారిస్తే 303 చదరపు మీటర్ల పైచిలుకు. పంచాయతీ హద్దు 300. మూడున్నర చదరపు మీటర్ల కోసం, అంటే ఒక మంచం వేసుకునేంత జాగా కోసం, ఊరి పంచాయతీలో తేలిపోయే ఫైలు జిల్లా కేంద్రంలోని డీటీసీపీ కార్యాలయానికి వెళ్లాలి. ఇది చూసి నేను గుంటల లెక్కను మీటర్లలోకి మార్చి ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. రెండున్నర గుంటలయితే 253 చదరపు మీటర్లు, ఇంటికి, కొట్టానికి, ముందు కళ్లానికి సరిపోతుంది. బాబాయికి సగం గుంటలు నచ్చవు. "సరి సంఖ్యా కాదు, బేసి సంఖ్యా కాదు, అదేం లెక్కరా" అన్నారు. చివరికి పిన్ని చెబితే ఒప్పుకున్నారు.

ఆ చేను పక్కనే నాగార్జునసాగర్ ఎడమ కాలువ తాలూకు ఒక మైనరు, అంటే పిల్లకాలువ పోతుంది. కాలువ గట్టు, దాని పక్కన మట్టి పోసే దారి నీటిపారుదల శాఖవి. అవి చేలో కలిసిపోయినట్టు కనిపించినా పట్టాలో లేవు. ఇంటి స్థలాన్ని కాలువ నుంచి దూరంగా, చేనుకు ఆ కొసన గుర్తించమని చెప్పాను. చెరువుల విషయంలో హద్దులు ఇంకా కచ్చితం. జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటి మట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంట అయితే 9 మీటర్ల లోపు కట్టకూడదు. ఎండాకాలంలో నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో చూసి లెక్క వేసుకుంటే చెల్లదు, నిండినప్పుడు నీళ్లు తాకే గీత నుంచి కొలవాలి. రహదారుల సంగతి కూడా అంతే: జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన రోడ్డు మధ్యగీత నుంచి 40 మీటర్ల దాకా కట్టడం రాకూడదన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. రోడ్డు వెడల్పు పనులు వచ్చినప్పుడు ముందుగదులు పోగొట్టుకున్న ఇళ్లు మా దారిపొడవునా ఉన్నాయి.

ఇంతవరకు చెప్పినదంతా నేల గురించి. మా ఇంటి అనుమతి పత్రం వచ్చేనాటికి ఎవరి సంతకం కావాలో, ఏ హద్దు ఎక్కడో నాన్నకు కంఠస్థం అయిపోయింది. కానీ పునాదిలో ఎంత ఇనుము వేస్తున్నారు, కాంక్రీటు ఏ పాళ్లలో కలుపుతున్నారు అన్న ప్రశ్న ఆ మొత్తం ప్రయాణంలో ఒక్క అధికారీ అడగలేదు. అడిగే ఏర్పాటే లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన జాతీయ భవన నియమావళి 2016 ఉంది, కాంక్రీటుకు ఐఎస్ 456 ఉంది, భూకంపాలకు ఐఎస్ 1893, 13920 ఉన్నాయి. పల్లెలో రెండంతస్తుల ఇంటికి వాటిని వర్తింపజేసే మనిషి మేస్త్రీ ఒక్కడే, ఆయన వాటి పేరు కూడా వినలేదు.

చిత్రమేమిటంటే ఊళ్లో దశదశకూ తనిఖీ జరిగే ఇళ్లు ఉన్నాయి, అవి ఇందిరమ్మ ఇళ్లు. పథకం ప్రకటించినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం బేస్‌మెంటు అయ్యాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత, అంతా పూర్తయ్యాక మిగతాది, మొత్తం అయిదు లక్షలు. ప్రతి దశలో వచ్చి ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాకే బిల్లు వస్తుంది. విస్తీర్ణం 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మా వీధి చివర ఒకాయన కొడుకు పెళ్లికి ఉందని ఒక గది పెంచి పునాది తీస్తే బిల్లు ఆగిపోయింది, మళ్లీ గోడ లోపలికి జరిపి కట్టుకున్నాడు. ప్రభుత్వం డబ్బు ఇచ్చే 600 అడుగుల ఇంటి దగ్గర టేపు పట్టుకుని నిలబడే మనిషి ఉన్నాడు. సొంత డబ్బుతో రెండంతస్తులు లేపే ఇంటి దగ్గర ఎవరూ లేరు. ఫోటో తీసేవారు కూడా చూసేది విస్తీర్ణం, దశ మాత్రమే. ఇనుము సంగతి అక్కడా అడగరు.

అందుకే నా చిన్ననాటి స్నేహితుడైన సివిల్ ఇంజనీరును పిలిపించి ప్లానుతోపాటు ఇనుము డ్రాయింగు కూడా గీయించాను. అతను మొట్టమొదట పట్టుకున్నది పిల్లర్ల కొలత. మా వైపు పిల్లరు అంటే 9 అంగుళాలు, 12 అంగుళాలు. తొమ్మిది అంగుళాల గోడలో పిల్లరు కలిసిపోయి గది నున్నగా కనిపించాలన్నదే దానికి కారణం. 2016 నాటి ఐఎస్ 13920 ప్రకారం పిల్లరు ఏ వైపునా 300 మిల్లీమీటర్లకు, అంటే సుమారు 12 అంగుళాలకు తగ్గకూడదు. మేస్త్రీకి ఇది నచ్చలేదు. "మూడంగుళాలు గదిలోకి పొడుచుకొస్తుంది సారూ, బీరువా గోడకు ఆనదు" అన్నాడు. అమ్మ కూడా అతని పక్షమే. బయటి గోడల పిల్లర్లు వెలుపలికి, లోపలి గోడల పిల్లర్లు తలుపుల వెనక్కి వచ్చేలా జరిపితే గొడవ తీరింది.

రెండో గొడవ రింగుల దగ్గర. పిల్లరు చువ్వల చుట్టూ కట్టే రింగు కొసలను మా మేస్త్రీ తొంభై డిగ్రీలకు వంచి వదిలేస్తాడు. భూమి ఊగినప్పుడు పైన కవరింగు కాంక్రీటు రాలిపోతే ఆ కొస విచ్చుకుంటుంది, రింగు విడిపోతుంది, ఆ తరువాత నిలువు చువ్వలను పట్టి ఉంచేది ఏదీ మిగలదు. కొసను 135 డిగ్రీలకు, అంటే పిల్లరు లోపలి కాంక్రీటులోకి దిగేలా వంచి, కనీసం 65 మిల్లీమీటర్ల పొడవు ఉంచాలన్నది నియమం. ఒక రింగుకు అదనంగా పట్టే ఇనుము వేలెడంత. పట్టేది పని: ఎనిమిది ఎం.ఎం. చువ్వను అంత వంచడానికి చెయ్యి నొస్తుంది, చువ్వల మధ్య దూర్చడానికి ఆలస్యమవుతుంది. నా స్నేహితుడు ఒక చెక్క మీద మేకులు కొట్టి నమూనా వంపు తయారుచేసి ఇచ్చాడు, రింగుకు ఇంత అని అదనపు కూలి మేము ఒప్పుకున్నాము.

ఇదంతా అతి జాగ్రత్త అనేవారికి ఒక సంగతి. 2016 నాటి ఐఎస్ 1893 భూకంపాల పటంలో తెలంగాణలో ఎక్కువ భాగం రెండో జోనులో ఉన్నా, భద్రాచలం వైపు గోదావరి లోయ అంతకన్నా ముప్పు ఎక్కువైన మూడో జోను. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, మా కింది స్లాబు అయిపోయి పై అంతస్తు పిల్లర్లకు ఇనుము కడుతున్నారు. మా ఊళ్లో గిన్నెలు కదిలాయి, జనం వీధిలోకి వచ్చారు. నేను సంతోషించబోతుండగా మేస్త్రీ అన్నాడు: "చూశారా సారూ, భూకంపమే వచ్చింది, మన ఊళ్లో ఒక్క తొమ్మిదంగుళాల పిల్లరు పడిందా?" అతనికి చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది గానీ, కాంక్రీటు కలుపుతున్న మనిషితో వాదన పెట్టుకోవడం మంచిది కాదని ఊరుకున్నాను. పై అంతస్తులోనూ రింగులు నమూనా ప్రకారమే పడ్డాయి. అదనపు కూలి మాట్లాడుకున్నాము కదా.

మిగతావి కొన్ని త్వరగా చెబుతాను. మా వీధిలో 11 కేవీ కరెంటు తీగ పోతుంది. ఇంటి నుంచి దానికి పక్కకు కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్ల ఎడం ఉండాలి. స్తంభం జరిపించాలంటే ఖర్చు మనదే కాబట్టి మేము ముందు వైపు బాల్కనీయే కుదించాము. సెప్టిక్ ట్యాంకు తరువాత వచ్చే ఇంకుడు గొయ్యి తాగునీటి బావికి, బోరుకు 18 మీటర్ల దూరంలో ఉండాలన్నది ప్రమాణం. నూట తొంభై గజాల స్థలంలో అది దాదాపు అసాధ్యం. మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి గదా అని అందరూ దాన్ని వదిలేస్తున్నారు, అయినా వేసవిలో ఆ నల్లా ఆగిన రోజు పక్కింటి బోరే గతి. మేము గొయ్యిని ఆ బోరుకు ఎదురు మూలకు జరిపాము. స్లాబు తడపడం ఏడు రోజులు చాలని మేస్త్రీలు అంటారు. బస్తా మీద పీపీసీ, అంటే ఫ్లైయాష్ కలిపిన సిమెంటు అని ఉంటే పది రోజులకు తగ్గకూడదు.

ఇల్లు పూర్తయ్యాక పంచాయతీలో కొత్త కొలతలతో పన్ను మదింపు చేయించి, రిజిస్టరులో నాన్న పేరు, రెండంతస్తుల విస్తీర్ణం ఎక్కించాము. ఇనుము డ్రాయింగు ప్రతిని కూడా ఫైలులో పెట్టమని ఇస్తే, అది పెట్టడానికి అక్కడ గడి లేదన్నారు. అది ఇప్పుడు విడుదల పత్రంతో కలిపి మా బీరువాలోనే ఉంది. బాబాయి నాలా ఉత్తర్వు వచ్చింది. మిరప కోతలు అయ్యాక సర్వేయరు వచ్చి రెండున్నర గుంటలకు రాళ్లు పాతాలి. ఆ తరువాత ప్లాను గీసే ఇంజనీరును చేను దగ్గరకే తీసుకువెళ్లాలని, ఫోనులో కొలతలు చెప్పకూడదని బాబాయితో ఒప్పందం. మేస్త్రీ మాత్రం పాతవాడే, చెక్క నమూనా అతని దగ్గరే ఉంది.